జాడెమ్మ జాడ

నేను డర్బన్‌లో దిగిన ఏడాది అక్కడ అందరికీ కాస్త తల తిరిగినట్టే ఉండేది. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ మనవాళ్లూ అందరూ కలిసి తొలిసారి ఓటు వేసిన ఆ ఎన్నికలు జరిగి ఎంతో కాలం కాలేదు. ఎవరిని కదిపినా ఆ రోజు గురించే చెప్పేవాళ్లు. ఎండలో క్యూలో నిలబడ్డ గంటల్ని కూడా పెళ్లివిందులా వర్ణించేవాళ్లు. అన్నాళ్లూ నోళ్లలో దాచుకున్న కథలన్నీ అప్పుడే బయటికొచ్చాయి. మా తాతల తోట అదిగో ఆ ఫ్యాక్టరీ కిందుందని ఒకరు, మా గుడి ఈ రోడ్డు కిందుందని ఇంకొకరు. కథ ఉన్న ప్రతివాళ్లకీ ఒక పార కావాలి. నాకైతే భలే సరదాగా ఉండేది, ఎందుకంటే నేలకి కన్నాలు పెట్టడమే నా ఉద్యోగం.

మొబేనిలో గోడౌన్ల మధ్య ఒక మట్టి పరీక్షల ల్యాబులో చేరాను. ఎక్కడ ఏది కట్టాలన్నా ముందు మేం వెళ్లి లోపలి మట్టి పైకి తీసి, అది ఎంత బరువు మోస్తుందో తేల్చి చెప్పాలి. మావారు ఆస్పత్రిలో డాక్టరు. ఆయన ఇంట్లో ఉన్న పూటలకంటే లేని పూటలే ఎక్కువ. ఖర్వాస్తాన్‌లో ఒక పెద్దావిడ ఇంటి వెనక రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. అలాంటి గదుల్ని అక్కడ ఔట్‌బిల్డింగ్ అంటారు. నేను తెలుగుదాన్నని తెలిసిన క్షణంలో ఆవిడ నా బుగ్గలు రెండూ పట్టుకుని ఊపేసింది.

“ఆంటీ గీంటీ వొద్దు పిల్లా. పెద్దమ్మా అని పిలువు. నాను కూడా తెలుగే. పక్కా తెలుగే!”

ఆవిడ ముత్తవ్వ చెరుకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చిన మనిషి. అప్పటి పల్లె తెలుగు మనవల నోళ్లలో, మునిమనవల నోళ్లలో అరిగి అరిగి, పెద్దమ్మ దాకా వచ్చేసరికి క్రియలన్నీ ఒకే మెట్టు మీద చతికిలబడ్డాయి. నాను వస్తుంది, నువ్వు వస్తుంది, వాళ్లు వస్తుంది. ఇక మిగిలినవి వరసలు, వంటల పేర్లు, గాడిద, సన్నాసి లాంటి నాలుగు తిట్లు, ఒక ప్రార్థన. ఆ ప్రార్థన గురించే ఇదంతా చెబుతున్నాను.

మొదటి శుక్రవారమే నన్ను పూజకి పిలిచింది. వాళ్ల ఇంటి దేవత పేరు జాడెమ్మ. నేను నూకాలమ్మని ఎరుగుదును, మరిడమ్మని ఎరుగుదును, పరీక్షలకి ముందు పైడితల్లికి మొక్కుకున్నదాన్ని. జాడెమ్మ పేరు మాత్రం ఎప్పుడూ వినలేదు. గూట్లో విగ్రహం లేదు. పసుపు రాసిన పీట, దాని మీద దీపం, పక్కన కుంకుమ పెట్టిన గులకరాయి, అంతే. ఆ రాయి జాడెమ్మ మొగుడట, పేరు సారాసామి.

“మరి అమ్మ ఏదీ పెద్దమ్మా?” అన్నాను.

“అమ్మ రెడ్‌హిల్‌లో భూమిలోన ఉంది. ఓడెక్కి వచ్చింది, కోపం వచ్చింది, మునగసెట్టు కింద మునిగిపోయింది. పాటలో అన్నీ ఉంది. విను.”

కర్పూరం వెలిగించి, కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. గొంతు చాలా బాగుంది. ప్రతి అచ్చునీ సాగదీసి, రెండు మాటల్ని ఒకటి చేసి, ఒక మాటని మూడు ముక్కలు చేసి పాడింది.

“జాడెమ్మో నాజాడే… వోడేక్కీ వొచ్చే నాజాడే… మునగామొదలా మూరాలోతూ నాజాడే… సారాసామీ దుంపాతెగా… జిమ్మాడా జిమ్మాడా…”

దుంపాతెగా దగ్గర నాకు పొలమారింది. మా అమ్మ నన్ను పొద్దున్నే నిద్రలేపేది ఆ మాటతోనే. కానీ ఎదురుగా హారతి, ఆవిడ కళ్లమ్మట ధారగా నీళ్లు. దేవుడి దగ్గర అలాంటిది వినిపించిందంటే తప్పు నా చెవులదే అనుకుని లెంపలేసుకున్నాను. ఆ తర్వాత ఆవిడ ఇంకేదో చరణం లోగొంతుకలో గొణిగి దణ్ణం పెట్టేసింది. పూజ అయ్యాక ఉండబట్టలేక అడిగాను, దుంపాతెగా అంటే ఏమిటి పెద్దమ్మా అని.

“ఏటే, నీకు దుంప తెలీదా? ఆలూ! అమ్మకి ఆలూ కూర ఇష్టం. అందుకే ప్రతి శుక్రవారం అదే నైవేద్యం. మా అమ్మమ్మ చేసింది, మా అమ్మ చేసింది, నాను చేస్తుంది.”

ఆ కూర తింటూ తింటూ నాలోని పండితురాలు మేలుకుంది. జాడ అంటే ఆనవాలు కదా. తప్పిపోయినవాళ్ల ఆనవాలు చెప్పే తల్లి కాబట్టి జాడెమ్మ! సముద్రం దాటి వచ్చి, వెనకవాళ్ల కబురు తెలియక అల్లాడినవాళ్లకి అలాంటి దేవత కాక ఇంకెవరుంటారు? చెబుతుంటే నాకే ఒళ్లు పులకరించింది. పెద్దమ్మ లేచి వచ్చి ఎంగిలి చేత్తోనే నన్ను కావలించుకుంది. మర్నాటికి నా వ్యుత్పత్తి వీధంతా పాకిపోయింది. నన్ను ప్రొఫెసర్ అని పిలవడం మొదలుపెట్టారు. నేనూ వద్దనలేదు.

నచ్చనిది ఒక్కరికే, పెద్దమ్మ తమ్ముడికి. వరస ప్రకారం ఆయన నాకు మావయ్య. వాళ్ల తల్లి పోయినప్పుడు చంటివాడు. చంకనెత్తుకుని పెంచింది పెద్దమ్మే. బళ్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. రెడ్‌హిల్‌లో వాళ్ల కుటుంబపు పాత స్థలంలోనే ఇల్లు. కొన్నేళ్ల కిందట పెంతెకోస్తు సంఘంలో చేరి బాప్తిస్మం తీసుకున్నాడు. ఇక అప్పటినుంచి అక్క ఇంట్లో మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టడు. ఆ ఇంటి పొయ్యి మీద వండినదంతా విగ్రహానికి అర్పించినదే అని ఆయన పట్టుదల. ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చేవాడు, అక్క మోకాళ్లకి మందు రాసేవాడు, జోకులేసి నవ్వించేవాడు, సరిగ్గా కంచాలు పెట్టే వేళకి లేచి కారెక్కేసేవాడు.

“నా చేతి కూడు తినదు వాడు,” అనేది పెద్దమ్మ. “గోరుముద్దలు పెట్టి పెంచింది నాను. ఇప్పుడు టీ కూడా తాగదు. నాను సచ్చిపోయినాక తింటుందా?” ఎప్పుడూ గలగలా నవ్వే మనిషి ఈ మాట దగ్గర మాత్రం నవ్వేది కాదు.

మావయ్య మంచివాడే, కాకపోతే రుజువుల పిచ్చి. అక్కని అప్పా అని పిలిచే పిలుపు తప్ప మిగతా సంభాషణంతా ఇంగ్లీషులోనే. ఆయన దగ్గర ఒక వీడియో క్యాసెట్ ఉండేది, బైబిల్లోని ఊళ్ల కోసం నేల తవ్వినవాళ్లది. అది వేసి, కూలిన గోడ దగ్గర బొమ్మని ఆపి, “చూశావా ప్రొఫెసర్? బాకాలు ఊదారు, గోడ కూలింది. రాసింది రాసినట్టే ఉంది. మీ జాడెమ్మకి ఇలాంటిదేమైనా ఉందా?” అనేవాడు.

నాకు వాదన దొరికితే అన్నం అక్కర్లేదు. “గోడ ఉంది మావయ్యా, కూలింది, ఒప్పుకున్నాను. బాకాకి కూలిందో, భూకంపానికి కూలిందో, కట్టిన మేస్త్రీ దొంగవాడో ఆ గోడ చెప్పిందా మీకు?” అనేదాన్ని. మా ఊరి కొండ సంగతీ చెప్పాను. ఆ కొండమీద పాత ఇటుకల దిబ్బ ఒకటుండేది. పాండవులు వనవాసంలో వండుకు తిన్న చోటని ఊరంతా చెప్పుకునేవాళ్లు. తవ్వకాలవాళ్లు వచ్చి తీస్తే బౌద్ధ సన్యాసుల గదులు బయటపడ్డాయి. చిత్రమేమిటంటే వంటిల్లు నిజంగానే దొరికింది. పొయ్యిలున్నాయి, మసి ఉంది, భీముడే లేడు. ఊళ్లో చెప్పుకున్నది పూర్తిగా అబద్ధమూ కాదు, పూర్తిగా నిజమూ కాదు. మా నాయనమ్మ మాత్రం ఏమాత్రం తొణకలేదు. “తిన్నాక వెళ్లిపోతాడు గానీ అక్కడే కూచుంటాడా?” అంది.

ఇలాంటి వాదన మధ్యలోనే ఒక ఆదివారం మావయ్య అసలు కబురు బయటపెట్టాడు. రెడ్‌హిల్ పెరట్లో గ్యారేజీ, పైన ప్రార్థనకి ఒక గదీ కట్టిస్తున్నాడు. ఎనిమిదో రోజున, అంటే మళ్లీ సోమవారం, కాంక్రీటు పోస్తారు. పెద్దమ్మ చేతిలో చేట జారి బియ్యం నేలపాలయ్యాయి. ఒకప్పుడు మునగచెట్టు ఉండింది సరిగ్గా అక్కడే.

“అమ్మ నెత్తి మీద సిమెంట్ పోస్తుందా నువ్వు? గాడిదా!”

“అక్కడ అమ్మా లేదు, ఎవరూ లేరు అప్పా. ఉన్నది ఇసుక.”

“అయితే తవ్వు! అమ్మ దొరికితే ఈ ఇంట్లో, ఈ పీట మీద కూకొని, నాను పెట్టింది తినాల!”

“దొరక్కపోతే నువ్వు నాతో చర్చికి రావాలి. ఒక్క ఆదివారం, పట్టుచీర కట్టుకుని.”

“వస్తుంది! వస్తుంది, పో!”

ఇద్దరూ ఒక్కసారే నావైపు తిరిగారు. ప్రొఫెసర్ అని పిలిపించుకున్నాక తప్పుతుందా? ఆయన వెళ్లాక బియ్యం ఎత్తుతూ పెద్దమ్మ నాతో మెల్లిగా అంది: “పిల్లా, నాకు గుడి వొద్దు, ఏటీ వొద్దు. వాడు ఒక్క ముద్ద తినాల. అమ్మని గట్టిగా వెతుకు.”

శనివారం ల్యాబు నుంచి ఆగర్ అడిగి తెచ్చుకున్నాను. అది వడ్రంగి బర్మాకి పెద్దన్నలాంటిది. నిలబడి రెండు చేతులా తిప్పితే నేలలోకి దిగి, పైకి లాగినప్పుడు లోపలి మట్టిని పట్టుకొస్తుంది. రెడ్‌హిల్ నేల పేరుకి తగ్గట్టే ఎర్రటి ఇసుక. నీళ్లతొట్టికీ కంచెకీ మధ్య పెద్దమ్మ చూపించిన చోట మొదలుపెట్టాను. మొదటి కన్నంలో ఎర్ర ఇసుక, రెండో దాంట్లో ఎర్ర ఇసుక, ఆ తర్వాతా అదే. పుట్టినప్పటినుంచీ ఎవరూ కదపని నేల. మావయ్య కుర్చీ వేసుకుని ఏదో కీర్తన కూనిరాగం తీస్తున్నాడు. నాకు ఒళ్లు మండుతోంది.

ఇంకొంచెం కంచె వైపు జరిగి తిప్పాను. మోచెయ్యి దిగేంత లోతు వెళ్లిందో లేదో ఆగర్ బూడిదరంగు మట్టి పట్టుకొచ్చింది. దాంట్లో నల్లటి బొగ్గు ముక్కలు. నేను కెవ్వుమన్నాను. ఒకసారి తవ్విన నేలని ఎంత జాగ్రత్తగా పూడ్చినా అది మళ్లీ మునుపటిలా సర్దుకోదు. మా వృత్తి మొత్తం ఆ ఒక్క నిజం మీదే బతుకుతోంది.

“ఎవరో గొయ్యి తీశారు! ఇక్కడ ఎవరో గొయ్యి తీశారు!” అని గెంతాను. కూనిరాగం ఆగిపోయింది. మళ్లీ తిప్పితే లోపల టంగుమని మోగింది.

పెద్దమ్మ చెప్పులు విడిచేసింది. “చెచ్చా! చెచ్చా!” అని మా ఇద్దరి వీపుల మీదా చరిచింది. అక్కడి తోటల భాషలో త్వరగా కానివ్వమని. మావయ్య ప్యాంటు మడిచి తనే గోతిలోకి దిగాడు. చేతులతో ఇసుక తోడుతుంటే గుండ్రంగా, నున్నగా ఏదో పైకి తేలింది. “అమ్మ తల!” అని పెద్దమ్మ మోకాళ్ల మీద కూలబడి కర్పూరం వెలిగించేసింది. మావయ్య ముఖంలో నెత్తుటి చుక్క లేదు. పెదవులు మాత్రం ప్రభువా ప్రభువా అని కదులుతున్నాయి. తల కింద మెడ వచ్చింది, మెడ కింద భుజాలు వచ్చాయి. భుజాల కింద అమ్మ ఇంకేమీ కాలేదు. బానపొట్ట వేసుకున్న జాడీ. పైన గోధుమరంగు, కింద మీగడరంగు, మా అమ్మ అటక మీద ఆవకాయ పెట్టుకునే జాడీ.

మూత తీశాను. అడుగున ఎండిపోయిన నల్లటి మడ్డి, అందులో బోర్లాపడ్డ చిన్న ఇత్తడి గ్లాసు. ఆ గ్లాసుని చూస్తుంటే నా తలలో ఆ పాట దానంతటదే ముడులు విప్పుకోవడం మొదలుపెట్టింది. నాజాడే. నా జాడే. నా జాడీ!

గోతి అంచున కూచుని, సాగదీతలన్నీ తీసేసి, మామూలు తెలుగులో పైకి చదివాను. “నా జాడీ అమ్మో, నా జాడీ! ఓడెక్కి వచ్చిన నా జాడీ! మునగ మొదట్లో, మూరెడు లోతులో నా జాడీ! సారా సామీ, నీ దుంప తెగ! నీ జిమ్మడ!”

ఇక నవ్వు ఆగలేదు. నవ్వుతూ ఇసుకలో పడ్డాను, నవ్వుతూనే ఇద్దరికీ ఇంగ్లీషులో వివరించాను. ముత్తవ్వ ఊరగాయ పెట్టుకుని సముద్రం దాటించిన జాడీని ముత్తాత కాజేశాడు. దాంట్లో సారా పోసి, గ్లాసుతో సహా మునగచెట్టు కింద దాచుకున్నాడు. అది తెలిసిన ముత్తవ్వ బతికినన్నాళ్లూ రాగం తీసి మరీ తిట్టింది. పిల్లలకి ఆ రాగం కంఠతా వచ్చేసింది. తెలుగు పోయింది, రాగం మిగిలింది, ఎవరో కర్పూరం చేర్చారు. దుంప ఆలూ కాదు. సారాసామి ఏ సామీ కాదు, తాగుబోతు. పూజలోకి ఎక్కిపోయిన ఆ తిట్టుని మళ్లీ తిట్టడానికి వాడే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

మావయ్య కాసేపు నవ్వు బిగబట్టాడు. తర్వాత గోతిలోనే పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. “రాసింది రాసినట్టే ఉంది!” అని అరిచాడు. అదీ నిజమే! చెట్టు నిజం, లోతు నిజం, ఓడ నిజం, సారా నిజం. తవ్వకానికి ఇంత నిక్కచ్చిగా నిలబడ్డ పురాణాన్ని నేను ఇంకోదాన్ని చూడలేదు. దేవత ఒక్కతే లేదు.

“ఇంకో చరణం ఉందిగా పెద్దమ్మా, అదీ చెప్పు, విడగొడతాను!” అన్నాను ఊపులో.

“చాలు,” అంది పెద్దమ్మ.

ఆవిడ నవ్వడం లేదు. జాడీని కొంగుతో తుడిచింది, ఒళ్లో పెట్టుకుని కార్లో కూచుంది. “రేపు చర్చికి వస్తుంది నాను,” అంది తమ్ముడితో, ఆయన ముఖం చూడకుండా. పందెం పోతే పోయింది, తమ్ముడు తన ఇంట్లో తినే దారి కూడా ఆ గోతిలోనే పూడిపోయిందని ఆవిడకి అనిపించింది. నాకూ అప్పుడే తట్టింది.

సాయంత్రం ఆవిడే వచ్చి నా గుమ్మం దగ్గర నిలబడింది.

“పిల్లా, కూడు అంటే మీ ఊర్లో కూడా కూడేనా?”

“కూడే పెద్దమ్మా. అన్నం.”

“తిను అంటే?”

“తినడమే.”

తలూపింది. వెళ్లిపోయింది.

ఆదివారం పట్టుచీర కట్టింది. నేనూ తోడు వెళ్లాను. చర్చి అంటే ఒక బడి హాలు. గిటారు, డ్రమ్ములు, రంగు రంగుల గౌన్లు. అందరూ లేచి చేతులెత్తి ఎవరి ప్రార్థన వాళ్లు పైకే చేస్తున్నారు. కొందరు పరిశుద్ధాత్మ నింపినప్పుడు వస్తాయనే, ఎవరికీ తెలియని అన్యభాషల్లో మాట్లాడుతున్నారు. నాకూ మావయ్యకీ మధ్య పెద్దమ్మ గుంజలా నిలబడింది. వచ్చిన చోట ఊరికే నిలబడటం మర్యాద కాదనుకుందేమో, తనకి వచ్చిన ఒకే ఒక్క ప్రార్థన ఎత్తుకుంది.

“జాడెమ్మో నాజాడే…”

పక్కావిడ హల్లెలూయా అంది. మునగామొదలా దగ్గర డ్రమ్ముల కుర్రాడు దరువు అందుకున్నాడు. సారాసామీ దుంపాతెగా అనేసరికి వెనక వరసంతా ఆమెన్ అంది. తొలిసారి వచ్చిన పెద్దావిడకి అప్పుడే అన్యభాష వచ్చేసిందని ఒకావిడ కళ్లు తుడుచుకుంది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. మావయ్య పెదవి కొరుక్కుంటూ ముందు కుర్చీ పట్టుకుని వణికిపోతున్నాడు. నా వైపు చూశాడు, నేను చూడకుండా ఉండాల్సింది. ఇద్దరం ఏడుస్తున్నట్టే ఉన్నాం, అందరూ మమ్మల్ని చూసి మెచ్చుకున్నారు.

అప్పుడు పెద్దమ్మ రాగం ఆపేసింది. తమ్ముడి వైపు తిరిగింది. పూజలో ఎప్పుడూ గొణిగి వదిలేసే ఆ చివరి చరణాన్ని సాగదీయకుండా, వంటింటి గుమ్మంలోంచి పిలిచినట్టు మామూలు గొంతుతో అంది.

“రారా, కూడు సల్లారిపోతంది. తిని సావు.”

ముత్తవ్వ జాడీ కోసం అంతంత తిట్టీ, ఆఖరికి ఆ తాగుబోతుని అన్నానికి పిలిచిందన్నమాట. రోజూ పిలిచే ఉంటుంది. మావయ్యకి నేను విడగొట్టి చెప్పాల్సిన పని లేకపోయింది. కూడు, తిను, ఆ రెండు మాటలూ ఆయన దగ్గరా మిగిలే ఉన్నాయి. నవ్వుతున్న ముఖం నవ్వుతున్నట్టే ఉండిపోయి, గడ్డం మాత్రం అదిరింది.

దారిలో కారు నడుపుతూ ఆయన తీర్పు చెప్పాడు. “విగ్రహానికి అర్పించింది తిననన్నాను. విగ్రహం లేదని నిన్న తవ్వి రుజువు చేశాం. ఊరగాయ జాడీకి పెట్టింది తినకూడదని వాక్యంలో ఎక్కడా లేదు.”

“ఎక్కువ వాగకు,” అంది పెద్దమ్మ. “ఇంటికి పద.”

ఇంట్లో ఆయన పీట మీద కూచున్నాడు. మోకాళ్లు మడవడానికే కొంత సేపు పట్టింది. పెద్దమ్మ అన్నం, పప్పు, కూర వడ్డించి ఎదురుగా కూచుంది. ఆయన కంచంలో చెయ్యి పెట్టలేదు. “అప్పా, నువ్వు పెట్టు,” అన్నాడు తెలుగులో. ఆవిడ ముద్ద కలిపింది. అరవై దాటిన మనిషి నోరు తెరిచాడు. నేను మంచినీళ్లు తెస్తానని చెప్పి పెరట్లోకి పరిగెత్తి, అక్కడ నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. అంత సంతోషంగా నేనెప్పుడూ ఏడవలేదు.